దానంతట అదే చెడిపోలేదక్కా

చెవిలో పెట్టుకున్న బ్లూటూత్‌లోంచి ఆ ఆడగొంతు "కనెక్టెడ్" అన్నప్పుడల్లా నాకు ముక్కు జివ్వుమంటుంది. నవ్వకండి, నిజమే. ఆ ఒక్క మాట కోసం నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నది నరసరావుపేటలో, ఒక మిర్చి వ్యాపారి గోదాము పైనున్న గదిలో. కింద బస్తాలు దులిపితే పైన మేం తుమ్మేవాళ్లం. ఇప్పుడు నేను పనిచేసే ఆఫీసులో ఏసీ గాలి తప్ప ఇంకే వాసనా ఉండదు. అయినా నిన్న నా కంప్యూటర్‌ను నడిపే లైనక్స్‌ కొత్త వెర్షన్ ఎక్కించి, ఆ గొంతు వినపడగానే గట్టిగా తుమ్మాను. పక్క సీటమ్మాయి జలుబా అని అడిగింది. జలుబు కాదు, కరుణక్క గుర్తొచ్చింది అన్నాను. ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతాను.

కరుణక్క ఆ గదిలో కంప్యూటర్ నేర్పేది. ఇరవయ్యో ఏట జబ్బు చేసి ఆమెకు రెండు కళ్లూ పోయాయి. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము పెట్టుకుని, మాకు ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా దాని మాటలు వింటూ, కళ్లున్న మాకంటే ముందే పని ముగించేది. డిగ్రీ అయ్యాక నేర్చుకుందామని ఎడ్లపాడు నుంచి రెండు బస్సులు మారి వెళ్లినదాన్ని, ఏడాది తిరిగేసరికి ఆమెకు అసిస్టెంటునయ్యాను. ఆమె దగ్గర ఒక పట్టింపు ఉండేది. "ఏదో ఎర్రర్ వచ్చిందక్కా" అంటే ఒప్పుకునేది కాదు. "తెర మీద 'ఏదో' అని రాసుందా? ఉన్నది ఉన్నట్టు చదవవే. నీ సొంత కవిత్వం నాకొద్దు" అనేది. అక్షరం వదిలినా పట్టేసేది. కళ్లున్నవాళ్లు సగం చూసి మిగతాది ఊహించుకుంటారని ఆమె ఫిర్యాదు. నా విషయంలో అది అక్షరాలా నిజం.

ఆమెకు ఒక పెద్ద ఉద్యోగం చెయ్యాలని ఉండేది. అప్పటికి ఎన్ని చోట్ల అడిగినా "కళ్లు లేకుండా ఎలా చేస్తారండీ" అనే ప్రశ్నతోనే పంపించేశారు. చివరికి, చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే ఒక సంస్థ మాత్రం "చేసి చూపించండి" అంది. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి వీడియోలో ఇంటర్వ్యూ. తన ల్యాప్‌టాప్ మీద తనే పనిచేసి చూపించాలి. వారం ముందునుంచీ ఆమె మొహం వెలిగిపోతుంటే మాకందరికీ పండగలా ఉండేది.

ఆ రోజు ఆమె కంటే ముందే గదికి వెళ్లాను. అక్క లైనక్స్ పాతబడిపోయింది, కొత్త వెర్షన్ మీద చూపిస్తే వాళ్లు నోరెళ్లబెడతారు కదా అనుకున్నాను. అడగకుండానే ఎక్కించేశాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. పదింటికి అక్క వచ్చి, మెడలో వేసుకునే బ్లూటూత్ పెట్టుకుని, మీటలు నొక్కింది. చప్పుడు లేదు. ఆ ల్యాప్‌టాప్ స్పీకర్ ఎప్పుడో పోయింది, వైరు గుచ్చే చోటూ విరిగిపోయింది. ఆమెకు దాని మాట వినపడాలంటే బ్లూటూత్ ఒక్కటే దారి.

"ఏమే సిరీ, ఇది నోరు తెరవట్లేదేంది?"

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "దానంతట అదే చెడిపోయినట్టుందక్కా" అన్నాను. ఎందుకన్నానో అడక్కండి. భయం.

ఆ అబద్ధం ఖరీదు రెండు గంటలు. నా మాట నమ్మి ఆమె వెతకాల్సిన చోట వెతకలేదు. బ్లూటూత్‌ను నా ఫోనుకు కలిపి చూసింది, బాగానే పలికింది. ఛార్జింగ్ పెట్టించింది. తీసేసి మళ్లీ జత చేయించింది. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేయించింది. పన్నెండు దాటింది. ఆమె వేళ్లు మీటల మీద ఆగిపోయాయి.

"మూడింటికి వాళ్లకేం చెప్పనే? కళ్లు లేనామె కదా, ఇట్టాగే ఉంటదిలే అనుకుంటారు."

ఇక నావల్ల కాలేదు. "దానంతట అదే చెడిపోలేదక్కా. పొద్దున నేనే కొత్త వెర్షన్ ఎక్కించాను" అని ఏడ్చేశాను. చెంప పగులుతుందనుకున్నాను. ఆమె బల్ల మీద ఒక్కటి చరిచి లేచి నిలబడింది.

"పిచ్చిమొహమా, ఇది ముందే చెప్పొద్దా! పొద్దున మారింది నీ కొత్త వెర్షనొక్కటే. అయితే సగం దొరికినట్టే! కళ్లు తుడుచుకుని మళ్లీ కనెక్ట్ కొట్టు. ఏం వచ్చిందో చదువు."

"ఫెయిల్డ్ అని వచ్చిందక్కా."

"అంతేనా?"

"దాని పక్కన ఏవో గీతలు, పదాలు..."

"ఆ గీతలే చదవమంటున్నా!"

చదివాను. కనెక్షన్, గీత, ప్రొఫైల్, గీత, అన్‌అవైలబుల్. పొద్దున్నుంచీ పదిసార్లు నా కళ్ల ముందే వచ్చి పోయిన మాటలవి. "అయితే బ్లూటూత్ బాగానే ఉందే. దానికి శబ్దాన్ని అందించే ముక్కే ఇందులో లేదు" అంది అక్క. ఆ మాటలే పొల్లుపోకుండా ఫోనులో వెతికాను. కొత్త వెర్షన్‌లో శబ్దం చూసుకునే ప్రోగ్రామే మారిపోయిందట. దానికి బ్లూటూత్ భాగం విడిగా వేసుకోవాలట. ఎవరో మాలాంటి వాళ్లే రాసిపెట్టారు. వేశాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. "కనెక్టెడ్" అంది ఆ ఆడగొంతు, వెంటనే తెర చదివే గొంతు గడగడా మొదలెట్టింది. అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. కానీ ఆ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

"బ్లూటూత్ మైకు కూడా వాడుతున్నట్టుంది, అందుకే ఇట్టా. వినడానికి మాత్రమే పెట్టు. మాట్లాడ్డానికి ల్యాప్‌టాప్ మైకుంది కదా."

మార్చగానే గొంతు గలగలా పారింది. కింద ఎవరో బస్తా దులిపారు. ఇద్దరం తుమ్ముతూ, పడీపడీ నవ్వాం. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

మూడింటికి ఇంటర్వ్యూ మొదలైంది. నేను తెరకు కనపడకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్క చకచకా చేసి చూపిస్తుంటే అవతలి ముగ్గురూ తెరకు దగ్గరగా జరిగారు. తర్వాత ఒకాయన, మీ సిస్టమ్ ఎప్పుడైనా మొరాయిస్తే ఎలా అని అడిగాడు. అక్క నవ్వింది.

"ఎప్పుడో ఎందుకండీ, ఇయ్యాల పొద్దునే మొరాయించింది" అని జరిగింది చెప్పసాగింది. నా చెవులు వేడెక్కాయి. నా పేరు ఎప్పుడొస్తుందా అని తల దించుకున్నాను. "మా దగ్గర సిరి అని ఒక పిల్ల ఉందండి. తప్పు తనదేనని తనే చెప్పింది. చెప్పబట్టే దొరికింది. లేకపోతే ఈ పాటికి మీకు ఫోన్ చేసి రాలేనని చెప్పేదాన్ని."

అబద్ధంతో పోయిన రెండు గంటల ఊసే ఎత్తలేదు. నెల తిరక్కుండా ఆ ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు ఎంతోమందికి నేర్పుతోంది, ఫోన్ చేస్తే ఇప్పటికీ నన్ను పిచ్చిమొహమా అనే పిలుస్తుంది.

మొన్నామధ్య నేను మార్చిన ఒక చిన్న సెట్టింగు వల్ల మా ఆఫీసులో సగం మందికి పని ఆగిపోయింది. మీటింగులో పెద్దవాళ్లంతా కారణాలు ఊహిస్తున్నారు. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. అయినా చెయ్యెత్తి, "అది నేనే మార్చానండీ" అన్నాను. అందరూ నావైపు తిరిగారు. ఆ తర్వాత పావుగంటలో పని మొదలైంది.