కొండ తట్టు మొహాలు

మా మేనత్త పోయింది. కలరా. అలిపిరిలో కొండెక్కే యాత్రికులకు ఏళ్ల తరబడి కలరా సూది వేసిన మనిషి, తానూ వేయించుకున్న మనిషి, ఒక్క పూటలో ఒళ్లు ఎండిపోయి కన్నుమూసింది. చిత్తూరులో మాకు కబురు అందేసరికే దహనం కూడా అయిపోయింది.

అత్త చిన్ననాడే భర్తను పోగొట్టుకుంది. "దర్శనానికి పోతా ఈ ముండమొగం సూడాల్నా?" అని యాత్రికులు ఆమె ఎదుటే అనేవాళ్లు. ఆమె సూదికి కూర్చునే బల్లను కొండ వైపు తిప్పించి, తాను వెనక నిలబడేది.

"నా మొగం ఎవురు సూడమన్న్యారు? చెయ్యి నాకియ్యి, కండ్లు సామికియ్యి."

మదరాసు కాలేజీ నుంచి సెలవులకు వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాను, "నీకు కోపం రాదా అత్తా?"

"రాకేం పాపా. వచ్చిన పూట మొద్దు సూది తీసుకుంటా."

మందులో ఉన్నవి చంపిన కలరా క్రిములేనని విని ఒక ఆచారిగారు ఉలిక్కిపడ్డారు. "ఏకాదశి పూట చచ్చిన పురుగులా!"

"ద్వాదశికి రాండి సామీ, అప్పటికి ఉంటే." తర్వాత మెల్లగా నచ్చజెప్పింది. "చచ్చిన దొంగ మొగం ఒంటికి చూపిస్తాము. రేపు బతికినోడొస్తే గుర్తుపట్టల్ల గదా!" ఆయన గొణుగుతూనే చెయ్యి చాచారు.

నేను మాత్రం ఆమె వైపు తిరిగే కూర్చునేదాన్ని. అందుకే నాకు తెలుసు: సూది దిగేటప్పుడు, తనకే గుచ్చుకున్నట్టు కింది పెదవి కొరుక్కునేది. చెయ్యిచ్చిన అంతమందిలో ఎవరూ అది చూడలేదు.

ఇవాళ అలిపిరికి వచ్చాను. ఆమె చోట కొత్తాయన ఉన్నాడు. బల్ల ఖాళీ.

"సూదేసే యమ్మనే కలరా ఎత్తకపోయ, ఈ సూదితో మనకేమొరగతాదప్పా?" అన్నాడొకాయన. వెంట ఉన్నవాళ్లంతా పిల్లలను చంకనేసుకుని మెట్ల వైపు సాగిపోయారు. ఆ సూది అందరినీ కాపాడదనీ, కాపాడినా కొన్ని నెలలేననీ అత్త ఎవరి దగ్గరా దాచలేదు. నేనూ అదే చెప్పబోయాను. ఎవరూ ఆగలేదు. బతికినన్నాళ్లూ ఆమె చేసిన పనిని ఆమె చావే కొట్టేసింది.

ఆ బల్ల మీద కొండకేసి కూర్చున్నాను. వెనక ఎవరూ లేరు. పోయిన వారం ఆమె వేసిన సూది పోటు చేతిలో ఇంకా కాస్త మిగిలి ఉంది. నొక్కి చూసుకుంటున్నాను. తగ్గిపోతోంది.