ఇల్లు అమ్మినాయన

వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోని పాత ఫ్లాటును మాకు అమ్మిన పెద్దాయన, అమ్మేశాక కూడా దాన్ని జనానికి చూపించడం మానలేదు.

ఎనభైల నాటి మాట. పోర్టులో రిటైరైన ఆయన ఉక్కునగరంలో కొడుకు క్వార్టర్‌కు మారిపోయారు. అక్కడ అప్పటికి చెట్లంటే మోకాలెత్తు మొక్కలే. ఆదివారం వచ్చిందంటే, దారిలో పరిచయమైన ఏ జంటనో వెంటబెట్టుకుని మా గుమ్మంలో దిగేవారు. మొదటిసారి అడ్డంగా నిలబడ్డాను.

"ఇల్లు మాకు అమ్మేశారు కదండీ."

"అమ్మేసినాను బాబూ. సూపిత్తే తప్పేటి?" అన్నారు, చెప్పులు విప్పుతూ.

ఎత్తైన కప్పు, ఎర్రగచ్చు చూపించి, చివరికి పడకగది కిటికీ దగ్గర ఆగేవారు. గొంతు సవరించుకుని "ఇప్పుడు సూడండి" అంటూ తలుపులు తోసేవారు. బయట నిద్రగన్నేరు చెట్టు గదినంతా పచ్చగా చేసేసేది. వచ్చినవాళ్ళు వెంటనే ధర అడిగేవారు. ఆయన నావైపు చూసేవారు. అమ్మడం లేదని నేను చెప్పేవాణ్ణి. వాళ్ళు దిగులుగా టీ తాగి వెళ్ళేవారు. కొన్నాళ్ళకు మా ఆవిడ ఆదివారాలు పాలు ఎక్కువ పోయించుకోవడం మొదలుపెట్టింది.

ఒక వానపూట ఆయన ఒక్కరే వచ్చారు. చూపించడానికి ఎవరూ లేక కాసేపు ఇబ్బంది పడి, మమ్మల్నే లేవమన్నారు. మా ఇంట్లో మేమిద్దరం ఆయన వెనకాల గది గదీ తిరిగాం. కిటికీ తెరుచుకుంది. తడిసిన చెట్టు చూసి మా ఆవిడ నిజంగానే అడిగేసింది.

"బాగుందండీ. ఎంతకిస్తారు?"

ఈసారి ఆయన నావైపు చూడలేదు, చెట్టువైపు చూశారు.

"ఇది నాను అమ్మను తల్లీ" అన్నారు.