జడ్జి లేని కోర్టుల మా మేనత్త సాక్ష్యం

మా భూమి పంపకం కండ్లార చూసినోళ్లల్ల ఆఖరుకు మిగిలింది మా మేనత్త ఒక్కతే. మా నాయిన, పెదనాయిన పంచుకున్ననాడు కాయితం రాసుకోలేదు. తాడు పట్టి కొలిచి గట్టేసుకున్నరు. బాయి దిక్కు మడి మాకొచ్చింది. ఆ తాడు ఒక కొస పట్టుకున్నది మేనత్తనే. నేను దుబాయ్ల ఉండంగ పెదనాయిన కొడుకు గట్టు చెరిపి, బాయిని గూడ కలుపుకొని దున్నుకున్నడు. కోర్టుకెక్కినం. ఎనభై దాటిన మనిషి, జడ్జి ముంగట నోరు విప్పి చెప్తె చాలు. మాకు కావల్సింది అంతే.

కరోనాకు కోర్టు మూసిండ్రు. తెరిచినంక అక్కడున్న జడ్జమ్మకు బదిలీ అయింది. ఆమె జాగల ఎవ్వరూ రాలేదు. పక్క పట్నం జడ్జికి మా కోర్టు గూడ అప్పజెప్పిండ్రు. ఆయన నెలకు రెండు మూడు దినాలు వచ్చి బెయిళ్లు చూసుకొని పోతుండె. భూమి కేసులకు వాయిదాలే.

నేను దుబాయ్ పక్కనున్న సజ్జాల, మా లేబర్ క్యాంపు నుంచి వకీలుకు ఫోన్ జేస్తుంటి.

"సారూ, ముసలామెకు నడుసుడు చాతనైతలేదు. ఇంటికాడికే వచ్చి రాసుకపోరాదుండ్రి?"

"దరఖాస్తు పెట్టిన. అది వినేటందుకు గూడ జడ్జి కావాలె గదనే."

"ఆమె మాట కాయితం మీద రాసి వేలిముద్ర పెట్టించినం గద?"

"పెట్టించినం. ఎదుటి వకీలు ఆమెను అడిగేటియి అడగాలె. అడగకముందే ఆమె పోయిందనుకో, ఆ కాయితం నిలవదు."

అప్పటిసంది నాకు ఒకటే రంధి. జడ్జి ఎట్ల వస్తడు? ఎవరు తోలిస్తరు?

నాకు చదువు వచ్చింది యాభై దాటినంక. నేర్పినాయన నా గదిలనే ఉంటడు, కాకినాడ దిక్కు ఎలక్ట్రీషియన్. ఒక సెలవునాడు పొద్దుగాల ఫోన్ నా ముంగట పెట్టి, "బాబాయ్, మీ వైపు జడ్జి ఉద్యోగాలకి నోటిఫికేషన్ పడిందండి" అన్నడు. నేను ఒక్కొక్క అక్షరం పట్టుకొని చదివిన. అది అయ్యేసరికి ఆయన బట్టలుతికి ఆరేసుకొని వచ్చిండు.

"ఇంత కష్టపడి చదివారు, మీరే రాసేయండి పరీక్ష" అని నవ్విండు.

"రాస్త. కుర్చీల కూసున్ననాడే నా కేసు పిలుస్త."

"అలా కుదరదండి. సొంత కేసు సొంతంగా తీర్చుకోకూడదు."

"గట్లయితే నాకెందుకా కొలువు?"

ఆనాడు నవ్వుకున్నం. ఆ తర్వాత నవ్వు రాలేదు. ముందుగాల ఒక పరీక్ష, అండ్ల గట్టెక్కినోళ్లకు ఇంకో పరీక్ష, అదయినంక పెద్ద కోర్టుల ఇంటర్వ్యూ. ఒకదానికి ఒకదానికి నడుమ నెలలు. సైటు మీద అన్నం తినేకాడ ఫోన్ తీసి చూసుడు, ఇంటికి ఫోన్ జేసి మేనత్త ఏం తిన్నదని అడుగుడు. ఇదే నా పని.

ఆఖరికి ఎంపికైనోళ్ల పేర్లు వచ్చినయి. నేనే చదివిన. మా కంపెనీల ఫోర్మన్ పోతే కొత్తోని పేరు లిస్టుల పడుతది, వీసా కొడ్తరు, వారం పది దినాలల్ల బస్సు దిగుతడు. జడ్జి గూడ గట్లనే దిగుతడనుకున్న. ముప్పై ఏండ్లసంది మనుషులు పనికి వచ్చుడు నేను చూసింది గట్లనే.

"తొందరపడకండి బాబాయ్, వకీలు గారిని ఒకమాట అడగండి" అన్నడు కాకినాడాయన.

"లిస్టు నా కండ్లతోని చదివిన. ఇంక ఒకల్ని అడుగుడేంది?"

చదువు వచ్చిందన్న పొగరు అది. వేలిముద్ర వేసే కాలంల అయితే నలుగురిని అడుగుతుంటి.

ఇంటికి పోయేటందుకు రెండేండ్లకు ఒకసారి వచ్చే ఛుట్టీ నాది. మా కంపెనీ మేనేజరు, ముదీర్ అంటం, ఆయన దగ్గరికి పోయి, "సాబ్, ఛుట్టీ చాహియే, కోర్ట్ మే జడ్జ్ ఆ గయా" అన్న. ఆయన కాయితం మీద సంతకం పెట్టి, "జావ్, యల్లా" అని పొమ్మన్నడు.

వాయిదానాడు మేనత్తను ఆటోల పండబెట్టుకొని తీసుకపోయిన. ఉతికిన చీర కట్టుకున్నది. ఆమెను వరండల గోడకు ఆనించి కూసోబెట్టి లోపటికి పోతే కుర్చీ ఖాళీగున్నది. కోర్టు గుమాస్తా నా మాట విని తల కొట్టుకున్నడు.

"లిస్టుల పేరొస్తే జడ్జి అయితడానే? వాళ్లను ఇంకా ట్రెయినింగుకు తోలాలె. అది అయినంక పోస్టింగు. అది మన కోర్టుకే పడ్తదని నీకెవరు చెప్పిండ్రు?"

బయటికొచ్చిన.

"ఏమాయె అల్లుడా?"

"జడ్జికి ఇంకా పని నేర్పుతరట అత్తా."

"నేర్పుతరా? నాకెవ్వరు నేర్పకున్న వస్తిగదరా, చెప్పేటందుకు."

గుమాస్తా చాయ్ తాగెటందుకు బయటికొస్తె ఆయన్నే ఆపి మొదలువెట్టింది. ఎవరు తాడు పట్టిండ్రు, ఏ రాయికాడ ఆపిండ్రు, మా నాయిన ఏమన్నడు, అన్నీ చెప్పింది. ఒక్క ముక్క తప్పలేదు. ఆయన చాయ్ చల్లారేదాక నిలవడి విన్నడు.

"నాకు చెప్తె ఏం లాభమమ్మా" అన్నడు ఆఖరికి.

ఛుట్టీ అయిపోయింది, సజ్జాకు వచ్చిన. ఎండకాలం నడుమల మా ఇంటామె ఫోన్ జేసి మేనత్త పోయిందని చెప్పింది. ఛుట్టీ వాడుకున్నోనికి మళ్ల ఎవడిస్తడు? ఆనాడు గూడ డ్యూటీకి పోయిన.

ఇంకొన్ని నెలలకు వకీలు ఫోన్ జేసిండు. గొంతుల సంబురం.

"జడ్జి వచ్చిండే! మొదటి పోస్టింగట. వరుసవెట్టి పిలుస్తున్నడు. మీ సాక్షిని తీసుకరా."

"ఆమె పోయింది సారూ."

ఆయన మర్చిపోయిండు.

"ఇంకెవరన్న ఉన్నరా, చూసినోళ్లు?"

"లేరు."

"మరి ఏం చేద్దామంటవు?"

సాక్ష్యం లేదని ఆ నెలలనే కేసు కొట్టేసిండ్రు. జడ్జిని నేను తిట్టను. ఆయనకు కనవడ్డది ఆయన రాసిండు. పరీక్ష పెట్టినోళ్లను తిట్టుదామంటె వాళ్ల మొఖాలు నాకు ఎరుకలేదు. బాయి నీళ్లు ఇప్పుడు పెదనాయిన కొడుకు మక్కచేనుకు పారుతున్నయి. చావు దగ్గరికొచ్చిన మనిషిని ఆటోల పండబెట్టి అంత దూరం కుదిపిన. ఇంటికొచ్చినంక నాలుగు దినాలు ఆమె నడుము లేవలేదు. ఆ కుదుపుడొక్కటే ఈ కేసుల నేను సొంతంగ చేసిన పని.