ఒక్క ఉతుకుకు ఆగని గుడ్డ

ఆ రోజుల్లో టై కట్టుకుని ఇంట్లోంచి బయటపడితే చాలు, సగం డాక్టర్నైపోయినట్టే నడిచేవాణ్ణి. (టై ముడి వేయడం మాత్రం రాదు. మెడలోంచి అలాగే తీసి మేకుకు తగిలించేవాణ్ణి.) కాశిబుగ్గలో మగ్గాల ఇంట్లో పుట్టి, ఆపరేషన్ సరుకులమ్మే కంపెనీలో చేరాను. నా చేతికిచ్చిన మొదటి సరుకు ఒక చిన్న జాలీగుడ్డ. ఆపరేషన్‌లో నెత్తురు కారేచోట పెడితే ఆపుతుంది. మళ్లీ తీయనక్కర్లేదు, కొన్నాళ్లకు ఒంట్లోనే కరిగిపోతుంది. దాన్ని మేనేజర్ ఎదుట హన్మకొండ సర్జన్‌గారికి చూపించి మెప్పిస్తేనే నా ఉద్యోగం పర్మినెంటు. ఇచ్చింది ఒకటే శాంపిల్.

ఆ పొద్దున దాన్ని బల్లమీద పెట్టి స్నానానికి వెళ్లాను. కొత్త గుడ్డ ఏదొచ్చినా ముడుచుకుంటుందా, రంగు పోతుందా అని తడిపి చూడందే మా అమ్మకు తోచదు. కవరు విప్పి సబ్బుపొడి నీళ్లలో వేసింది. నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి గిన్నెలో జిగురు తేలుతోంది. పైగా కోపం నామీదే.

“ఒక్క ఉతుకుకు ఆగలేదురా. గిసొంటి గుడ్డలమ్మే కంపెనీల నువ్వేం బాగుపడతవ్?”

కరగడమే దాని గొప్పతనమన్నాను. నాన్న మగ్గం ఆపి మరీ నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అది చూసి అమ్మ మెత్తబడి, ఫికర్ చెయ్యకు బిడ్డా, అంతా సర్దిన అంటూ బ్యాగు చేతికిచ్చింది. టిఫిన్ డబ్బా సంగతనుకున్నాను.

మేనేజర్‌కు నిజం చెబుదామంటే ఆయన సందివ్వలేదు. సర్జన్‌గారి ముందు గుడ్డను తెగ పొగిడి, చూపించమన్నాడు. చేసేదిలేక బ్యాగు తెరిస్తే కంపెనీ కవరు కనబడింది! లోపల, మా నాన్న నేసిన గళ్ల తువ్వాల్లోంచి అచ్చం అదే కొలతకు కత్తిరించిన ముక్క.

సర్జన్‌గారు దాన్ని అటూ ఇటూ గుంజి చూశారు. “ఇది ఎన్ని రోజుల్ల కరుగుతది?”

“కరగది సార్. పదేండ్లయినా గిట్లనే ఉంటది. మా బాపు నేసిండు.”

ఇక దాచడమెందుకని జరిగిందంతా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. కంపెనీ గుడ్డ రేపు పట్టుకొస్తే చూస్తానన్నారు. తువ్వాళ్లు మాత్రం అరడజను ఆ రోజే పంపమన్నారు.

బయటికొచ్చాక మేనేజర్ గబగబా బండి దగ్గరికి నడిచాడు. నా పని అయిపోయిందనుకున్నాను. కిక్కు కొట్టబోయి ఆగి, మెల్లగా అడిగాడు: “దుప్పట్లు గూడ నేస్తరా?”

ఉద్యోగం నిలబడింది. తర్వాత ఆ కరిగే గుడ్డలు ఎన్ని దవాఖానలకు అమ్మానో లెక్కలేదు. కొత్తగా చేరిన పిల్లలు మీ మొదటి ఆర్డర్ ఏంటి సార్ అని అడుగుతుంటారు. ఎండలో తువ్వాళ్ల మూట చంకన పెట్టుకుని సర్జన్‌గారింటికి నడిచిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు, పిచ్చోడు. ఆ ఆర్డర్ తెచ్చింది అమ్మేనని వాడికి అప్పటికింకా తెలియదు.