ఈగల వియ్యంకుడు

మాస్టారు ఉన్నన్నాళ్ళూ ఆయనది ఒకటే పిచ్చి. ప్రయోగశాలలో ఏ రెండు ఈగల్ని జతకట్టినా అది పెళ్ళే, ఆ ఈగలు తెచ్చినవాళ్ళు వియ్యాలవారే. నిన్నటిదాకా "ఏమ్మా" అని పిలిచిన విద్యార్థిని ఇవాళ ఈగల సీసాతో వస్తే, "దయచేయండి వియ్యపురాలుగారూ!" అంటూ లేచి కుర్చీ వేసేవారు. సీసాలో మేత తగ్గితే మగపెళ్ళివారి పరువు పోయిందని గోల. ఓసారి తనిఖీకి వచ్చిన పై అధికారిని గుమ్మంలోనే ఆపేశారు.

"మెల్లగా నడవండి సార్, లోపల కొత్త దంపతులున్నారు."

పరిశోధన చేస్తున్న అమ్మాయికి మాత్రం ఈసారి నవ్వు రాలేదు. ఆమె పెంచిన ఈగల రెక్కలు ముడుచుకుపోయి ఉంటాయి. మాస్టారు ఎప్పుడో కనిపెట్టిన ఈగలవీ అంతే. రెండింట్లోనూ చెడింది ఒకే జన్యువైతే ఆమె కనుక్కున్నది కొత్తదేమీ కాదు, ఇన్నేళ్ళ చాకిరీ నీళ్ళపాలే. వేర్వేరు జన్యువులైతే, ఒకరిలో చెడినదానికి రెండోవారి మంచి జన్యువు అండగా నిలిచి, పిల్లలు చక్కటి రెక్కలతో పుడతాయి. సంగతి తేలాలంటే పెళ్ళి చేయడమే దారి.

"మావాడి రెక్కలు అంతంతమాత్రమేనండీ. ముందే చెప్పేస్తున్నా."

"మా పిల్లవీ అంతేగా సార్," అందామె నీరసంగా.

"ఇంకేం, ఈడూ జోడూ కుదిరింది!"

పిల్లలు బయటికొచ్చే రోజు ఆమె పొద్దున్నే భూతద్దం పట్టుకుని కూర్చుంది. మొదటి ఈగను చూడగానే ముఖం పాలిపోయింది.

"అయిపోయింది సార్! ముడతలే!"

"పుట్టి ఎంతసేపయింది?"

"ఇప్పుడే..."

"పొత్తిళ్ళలో పిల్లని పరుగెత్తమంటారేమిటండీ? కాస్త ఒళ్ళు ఆరనివ్వండి!"

అప్పుడే పుట్టిన ఏ ఈగకైనా రెక్కలు ముడుచుకునే ఉంటాయి. ఆ పాఠం తన కింది తరగతివాళ్ళకి చెప్పింది తనే. భయంలో అదే మరిచిపోయింది.

ఇద్దరూ తలలు ఆనించి చూస్తూండగా, తడి గుడ్డలా ఉన్న రెక్క మడత విప్పుకుంది. సాగింది. గాజు పలకలా పరుచుకుంది. దాని పక్కది, ఆ పక్కది కూడా! ఒకటి ఎగిరి దూదిబిరడాకి తగిలింది.

"ఎగిరింది సార్! ఎగిరింది!" అని ఆమె గెంతిన గెంతుకి బిరడా ఊడిపోయింది. ఈగలు గది నిండా లేచాయి. ఒకటి మాస్టారి కళ్ళజోడు మీద వాలింది.

"పట్టుకోండి సార్!"

"మనవల వెనక ఈ వయసులో నేనేం పరుగెత్తగలనండీ!"

నవ్వి నవ్వి ఊపిరి తీసుకున్నాక ఆమె అడిగింది. "నిజంగా ముడతలే వచ్చుంటే, సార్?"

"ఏముంది? ఒకే జన్యువంటే వియ్యం తప్పి ఒకే ఇంటివాళ్ళం అయ్యేవాళ్ళం. ఇంటిపిల్లకి వాటా ఇవ్వొద్దూ?" అని ఆయన ఆమె బల్ల వెనక అర చూపించారు. ఎవరినీ ముట్టుకోనివ్వని ఆయన ఈగల సీసాల్లో సగం అప్పటికే అక్కడ చేరి ఉన్నాయి. కొత్తగా మరో పరిశోధనకి సరిపోయే సరంజామా.

ఆమె ఒక సీసా చేతిలోకి తీసుకుంది.

"అయితే... వీటిని మళ్ళీ మీ అరలో పెట్టేయనా సార్?"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. "వెనక్కా? వియ్యాలవారికి ఇచ్చింది మళ్ళీ పుచ్చుకుంటే నలుగురూ ఏమనుకుంటారండీ!"