తొమ్మిదో వాక్యం

పదకొండు నెలల పనిని, అది జరగనే లేదన్నట్టు, ఒక పత్రం నుంచి తుడిచివేశారు. అందుకు వారు చూపుతున్న సాక్ష్యం ఒక స్త్రీ తల కదలిక మాత్రమే.

ఆమె పేరు దోబ్రింకా కారపేవా. వయస్సు యాభై ఎనిమిది. పరాయి దేశపు గ్రాట్స్ నగరంలోని సంస్థకు మా ప్లోవ్‌దివ్‌ ఊళ్లో ఉన్న శాఖలో ఇరవై రెండేళ్లు ప్రోగ్రాములు రాసింది. గ్రంథాలయాలు తమ పుస్తకాల జాబితాలను వెతుక్కునే సాఫ్ట్‌వేర్ అది. పొద్దున తెరిస్తే సిద్ధం కావడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టేది. దోబ్రింకా పదకొండు నెలలు శ్రమించి దానిని నాలుగుకు తెచ్చింది.

కొత్త వెర్షన్ వెలువడినప్పుడల్లా ఏమేం మారాయో తెలిపే విడుదల పత్రాన్ని కూర్చే బాధ్యత కూడా ఆమెదే. ఏడాది చివర ఎవరి పని విలువ ఎంతో ఆ పత్రాన్ని చూసే తేలుస్తారు; అందులో ఒక్క వాక్యమైనా లేనివారు తమ కుర్చీ మీద ఆశ వదులుకోవలసిందే. ఈసారి వేగాన్ని పెంచిన మార్పులు అరవై రెండు వచ్చాయి. చోటు తొమ్మిదింటికే, ఒక్కోదానికి ఒక్క వాక్యం. ఎవరూ చెప్పకపోయినా వాడేవారికి తేడా తెలియాలన్నది నియమం. ఆమె మూడు వారాలు ఒక్కొక్కదానినీ కొలిచి, తీసివేసిన ప్రతిదానికీ కారణం రాసి, చేసినవారికి పంపింది. ఆ ఉత్తరాల ప్రతులు నా దగ్గర ఉన్నాయి. ఒక్కదానిలోనూ పరుషమైన మాట లేదు.

పక్క బల్ల దగ్గరి లచేజార్ మాత్రం ఊరుకోలేదు.

"నా పని పీక కోసేశావక్కా. కనీసం దానికి దినమైనా పెట్టు."

"నువ్వు మిగిల్చింది సెకనులో పదోవంతు నాయనా. నీకూ నీ గడియారానికీ తప్ప ఎవరికి తెలుస్తుంది?"

ఎనిమిది ఖరారయ్యాయి. తొమ్మిదోది ఆమె సొంత పని. తన పనికి తానే తీర్పరి కాకూడదని, దానిని గ్రాట్స్‌లోని పై అధికారి హార్ట్‌విగ్‌కు విడిచిపెట్టింది.

ఆ రోజు తెర మీది సమావేశం మూడో గంటలోకి జారింది. కింద వీధి తవ్వుతున్న రొదకు ఆమె తన మైకు ఆపుకుంది.

"వాడేవాళ్లకి ఈ తేడా తెలుస్తుందా, దోబ్రింకా గారూ?" అని హార్ట్‌విగ్ అడిగాడు.

మా దేశంలో తల అడ్డంగా ఆడిస్తే అవును, నిలువుగా ఆడిస్తే కాదు. పరాయివారి ముందు దానిని తిరగేస్తాం. దోబ్రింకా వాళ్ల పద్ధతిలో, అవునని, నిలువుగా ఆడించింది. హార్ట్‌విగ్ ఏడేళ్లు మాతో పనిచేసి మా పద్ధతి నేర్చినవాడు, కాదని గ్రహించాడు. ఇద్దరూ ఎదుటివారి పద్ధతిని మన్నించబోయినవారే. సరే, అలాగే కానిద్దామన్నాడాయన. అలసిపోయిన ఆమె మరి రెట్టించలేదు.

మార్చిలో పత్రం ఎనిమిది వాక్యాలతో వెలువడింది. ఆమె వెంటనే గ్రాట్స్‌కు రాసింది. వెలువడిన పత్రాన్ని మార్చే ఆనవాయితీ లేదనీ, తేడా తెలియదని ఆమే ఒప్పుకున్నట్టు సమావేశపు నమోదులో ఉందనీ జవాబు. మూడుసార్లు రాసింది, మూడుసార్లూ అదే జవాబు. డిసెంబరులో, చెప్పుకోదగిన పని లేదంటూ ఆమెను ఫిర్యాదుల ఫోన్ల దగ్గరికి మార్చారు.

జనవరిలో స్మోల్యాన్ గ్రంథాలయం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"ఇదివరకు దీన్ని తెరిచిపెట్టి, కాఫీ తాగొచ్చినా అయ్యేది కాదు. ఇప్పుడు కోటు విప్పి మొక్కలకి నీళ్లు పోసేలోగా సిద్ధం. ఏం చేశారమ్మా?"

పత్రంలో లేని మార్పుల గురించి ఫోనులో మాట్లాడరాదన్నది ఆ విభాగపు నియమం.

"నాకు తెలీదమ్మా," అంది దోబ్రింకా.

ఈ సంగతి నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో కోపం కూడా లేదు.

గ్రాట్స్ పెద్దలారా, ఆ నమోదును నేను నాలుగుసార్లు చదివాను. అందులో ఆమె పలికిన మాట ఒక్కటీ లేదు. మీ అధికారి ఊహించినదే ఉంది. స్మోల్యాన్ ఆవిడకు ఎవరూ చెప్పకుండానే తేడా తెలిసింది. మీ నియమం అడిగేది అంతే కదా. ఆ ఫోను వివరం దీనికి జతచేశాను. తొమ్మిదో వాక్యాన్ని పత్రంలో చేర్చండి. నమోదును సరిదిద్దండి. ఆమె పని ఆమెకు తిరిగి ఇవ్వండి.