మా అత్త ఈత నేర్పిన బావి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు నవ్వొచ్చేది. మా నాయన గిద్దలూరు బోర్డు స్కూల్లో అయ్యవారు. ఫలానా చింతచెట్టు మీద దయ్యముందని వీధిలో ఎవరైనా అంటే, "కాయలు రాల్చుకునేటప్పుడు అది మీకు అడ్డం రాదేం?" అని అడిగేవాడు. ఆయన కూతుర్ని నేను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ కడుపులోనే దాచుకున్నాను. చెబితే ముందు నాయనే నవ్వి ఉండేవాడు.

మద్రాసు నుంచి దొరలు ఏలే రోజులవి. మా వైపంతా అప్పుడు కర్నూలు జిల్లా. నన్ను కొమరోలు దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసుకునే ఇంటికిచ్చారు. కొత్త కోడలికి ఏ అత్తయినా పొయ్యి చూపిస్తుంది, ఉప్పు జాడీ చూపిస్తుంది. మా అత్త నన్ను చేనికి తీసుకుపోయి బావి చూపించింది.

"రేపట్నుంచి దీంట్లో ఈత నేర్చుకోవాల, పాపా," అంది.

పుట్టింట్లో చేదుకున్న నీళ్ళే తప్ప దిగే నీళ్ళు నేనెరగను. ఆడవాళ్ళకు ఈతెందుకత్తా అని అడిగాను.

"ఈత వచ్చినోళ్ళు బాయిలో సావలేరు. సావాలనుకున్నా కాళ్ళూ చేతులూ ఊరుకోవు," అంది.

మిగతాది పక్కింటావిడ చెప్పింది. మా బావగారి పెండ్లాం, లక్షుమ్మక్క, నేను రాకముందు ఈ బావిలోనే పోయింది. నీళ్ళకని వచ్చింది. ఎవరూ చూడలేదు. పాచి మెట్టు మీద కాలు జారిందని ఇంట్లో వాళ్ళంటారు. పొద్దున అత్త తిట్టిందట, అందుకే దూకిందని ఊళ్ళో వాళ్ళంటారు. అత్త ఈత నేర్పడానికి నాకు తోచిన అర్థం నేను చెప్పుకున్నాను. రేపు నన్ను కూడా తిట్టబోతుంది, ముందుజాగ్రత్త పడుతోంది అనుకున్నాను. కొత్త కోడలి బుద్ధి మరి.

అది దిగుడు బావి. ఒక పక్క రాతి మెట్లు, ఎదురు పక్క మోట తోలే గట్టు. వానలు బాగా పడ్డాయేమో, నీళ్ళు సగం మెట్ల దాకా ఉన్నాయి. పొద్దు నడినెత్తికి వస్తేగాని బావిలోకి ఎండ దిగదు. మగవాళ్ళు కూటికి పోయే ఆ వేళకు అత్త నన్ను తీసుకుపోయేది.

చీర గోచి పోసి కట్టించేది. కిత్తనార మాను ఎండబెట్టి కోసిన బెండ్లు నీళ్ళలో మునగవు. వాటిని కట్టగట్టి నా వీపుకు బిగించేది. నడుముకు చేంతాడు కట్టి, రెండో కొస తను పట్టుకుని మెట్టు మీద కూచునేది. నాలుగైదు రోజులకొకసారి కట్టలోంచి ఒక బెండు లాగేసేది. నాకు చెప్పేది కాదు. ఈ రోజు నీళ్ళు బరువుగా ఉన్నాయేంటత్తా అంటే, నువ్వు తిన్న సంగటి బరువు అనేది.

తమాషా ఏమిటంటే ఆమెకు ఈత రాదు. తడి మెట్టు మీద కాలు కూడా పెట్టదు. పొడి మెట్టు మీద కూచుని "కాలాడించు, గడ్డం పైకెత్తు, బాయి గోడను కౌగిలించుకోమాక" అని కేకలు. ఒడ్డున కూచుంటే అందరూ ఈతగాళ్ళే అని లోపల తిట్టుకునేదాన్ని.

మొదట్లో చలికి పళ్ళు టకటకలాడేవి. చెవుల్లో నీళ్ళు, ముక్కులో మంట, కాళ్ళ కింద ఏమీ లేదన్న భయం. చేపపిల్లలు పిక్కలు కొరికితే కేకలు పెట్టేదాన్ని. తర్వాత ఒక రోజు ఊరికే అలా తేలాను. గుండ్రంగా పైన ఆకాశం, గోడ సందుల్లో పిచ్చుకల గూళ్ళు. పెళ్ళయ్యాక అంత హాయిగా ఉండటం అదే మొదలు. ఈమె నాకు మంచే చేస్తోంది అని ఆ రోజు తెలిసింది.

ఆఖరి బెండు తీసేసిన రోజు సంగతి ఇది. వీపున ఏమీ లేదు, నడుముకు తాడొక్కటే. ఎదురు గట్టు దాకా పోయి రమ్మంది. సగం దాటాక పిక్క పట్టేసింది. చెయ్యి వేయబోతే నీళ్ళు మింగాను. అత్త తాడు లాగింది కాబోలు, నడుము దగ్గర తాడు జారిపోవడం తెలిసింది. ముడి ఊడిపోయింది. నేను మునిగాను.

కింద ఆకుపచ్చగా ఉంది, ఇంకా కిందికి నల్లగా. చేతులు రెండూ పైకెత్తి కొట్టుకుంటున్నాను, అది నాకు బాగా గుర్తు. అప్పుడు ఎవరో వెనక నుంచి నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నట్టయింది. గట్టిగా పట్టుకున్న పట్టు కాదు, చంటిబిడ్డను చంకనెత్తుకునే పట్టు. ఆ తర్వాత నడుము బిగిసింది, పైకి తేలాను. అత్త ఈడ్చుకుంటూ మెట్ల మీదికి లాగింది.

నేనింకా నీళ్ళు కక్కుతుండగానే, ఆ రోజు ఇంకా కూటికి పోని మా ఆయన చేలోంచి పరుగున వచ్చాడు.

"తాడు ఊడిందని అరిచినావు గదమ్మా. నడుముకే ఉండాదే?" అన్నాడు.

"ఊడిందిరా. ఒట్టి కొస నా చేతికొచ్చింది. మళ్ళీ ఇసిరినా. అంతే, బరువెక్కింది," అంది అత్త.

తడిసిన ముడి రాలేదు. మా ఆయన కొడవలి తీశాడు. అత్త ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది. వంగి ముడిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వు ఏసుకున్నావా పాపా?"

లేదని తలూపాను. మునిగేవాళ్ళు తాడు దొరికితే పట్టుకుంటారు గాని ముడి వేసుకుంటారా?

"ఇది లచ్చుమ్మ ముడి," అంది. "దానిది ఎడమ చెయ్యి వాటం. గడ్డిమోపు కట్టినా, దూడను కట్టేసినా ఎడమకే తిప్పేది. ఎవురికీ ఊడొచ్చేది గాదు. ఆ పొద్దు గూడా ఎడం చేత్తో సుట్టానికి మజ్జిగిచ్చిందనే తిట్టినా. మాట్లాడకుండా కడవెత్తుకోని బాయికొచ్చింది."

మా ఆయన తల దించుకున్నాడు. అత్త నా పక్కన కూచుని గోళ్ళతో ఆ ముడి విప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. కోపం లేదు, తొందర లేదు. విప్పేశాక తాడు ఒళ్ళో పెట్టుకుని నన్నడిగింది.

"నీల్లల్లో నీతో ఏమన్నా చెప్పిందా?"

ఆమె అడుగుతున్నదేమిటో నాకు తెలుసు. కాలు జారిందని చెప్పిందత్తా అని ఒక్క మాట అంటే ఆమె బరువు దిగిపోతుంది. నోటి దాకా వచ్చింది. కాని ఆ కళ్ళు చూసి అబద్ధం ఆడలేకపోయాను.

"ఏం వినబడలేదత్తా. నడుము పట్టుకున్నట్టు మాత్రం అయింది."

ఆమె తలూపింది. లేచి ఒక్కొక్క మెట్టే దిగింది. పాదాలు తడిశాయి, మోకాళ్ళు, నడుము. మేమిద్దరం పట్టుకోబోతే వద్దని చెయ్యి చూపింది. రొమ్ము లోతున గోడ పట్టుకుని నిలబడి చాలాసేపు నీళ్ళలోకి చూసింది.

"ఎంత సల్లగుండాయి పాపా," అంది చివరికి. "అదసలే సలికి ఓర్సుకోలేదు." అప్పుడు ఏడ్చింది.

భయంలో నేనే తాడు చుట్టుకున్నానేమో. కొస చేతికొచ్చిందని అత్త పొరబడిందేమో. నాయన ఉంటే ఇంకా మంచి కారణమే చెప్పేవాడు. కాని తాడు ఊడిందన్న కేక పొలంలో ఉన్న మనిషికి వినబడింది, నా రెండు చేతులూ తలకు పైన ఉన్నాయి, ముడి ఎడమకు తిరిగి ఉంది. ఈ మూడూ ఎంత కలిపి చూసినా నాకు పొసగవు. లక్షుమ్మక్క జారిందో దూకిందో కూడా ఎవరికీ తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్త తన వీపు నా వైపు తిప్పి, బెండ్లు కట్టమంది.